నీళ్లు పోగొట్టుకున్న వేడి

వంటగది కిటికీ పక్క నుంచి,
ఆదివారం

వదినకి,

కాలి కట్టు విప్పారా? స్కూలు మెట్ల మీద దొర్లిన సుద్దముక్క కోసం వంగి పడ్డారని విన్నప్పుడు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఎముక చిన్నగానే చిట్లిందని తెలిశాకే నవ్వాను లెండి.

ఈ ఉత్తరం ఒక లెక్క కోసం. లాండ్రీలో ఫోన్ ఉంది కానీ అది సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. పైగా ఫోన్‌లో నా గొంతు వింటే మీరు ఆ కాలితోనే బస్సెక్కి వచ్చేస్తారు. రావొద్దు. లెక్క మాత్రం చెప్పండి.

మీ తమ్ముడు పోయాక కూడా నేను సాయంత్రం పూట టబ్బులో వేడినీళ్లు పెడుతున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయన ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఎముకల దాకా చలి పట్టి ఉండేది. నేను ముందే వచ్చి గీజరు వేసి పన్నెండు బకెట్లు నింపి ఉంచేదాన్ని. ఆ నీళ్లలో కూర్చున్నాక గానీ ఆయన నోట మాట వచ్చేది కాదు. సరస్సులో ఫ్యాక్టరీ ఐసు మోసే పడవ ఆయనతో సహా బోల్తా పడి, వెతికేవాళ్లు వెతకడం మానేసి, వచ్చినవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, నాకు సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచలేదు. చేతులు వాటంతటవే కుళాయి తిప్పేశాయి. అప్పటి నుంచి తిప్పుతూనే ఉన్నాను. కాసేపు స్టూలు మీద కూర్చుంటాను, తర్వాత నీళ్లు వదిలేస్తాను. అంతే.

ఈ మధ్య ఆ నీళ్లు తొందరగా చల్లారిపోతున్నాయి. మొదట నా చెయ్యే మొద్దుబారిందనుకున్నాను, రోజంతా ఆవిరి ఇస్త్రీ దగ్గర ఉంటాను కదా. అందుకని లాండ్రీ నుంచి ధర్మామీటరు తెచ్చాను. నీళ్లు పోసినప్పుడు నలభై రెండు డిగ్రీలు. ఒక చొక్కా ఇస్త్రీ చేసి వచ్చి చూస్తే ముప్పై. గీజరు మనిషిని పిలిస్తే అంతా బాగానే ఉందన్నాడు. టబ్బు ఎక్కడా కారడం లేదు. కిటికీ మూసే ఉంటుంది.

నీళ్లు ఇంత తొందరగా చల్లారతాయా వదినా? మీరు పిల్లలకి చెప్పే పాఠమే కదా ఇది.

మీ మరదలు


స్టాఫ్ రూము, ఫ్యాను కింద కుర్చీ,
గురువారం

అమ్మడూ,

కట్టు ఇంకో నెల ఉంటుందట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పమంటున్నారు. బోర్డు అందక గాలిలో గీస్తున్నాను. పిల్లలకి మహా సరదాగా ఉంది.

నువ్వు నీళ్లు పెడుతున్నందుకు నేను తిట్టను. నా పర్సులో తమ్ముడు చంటి పాత బస్సు పాసు ఇంకా ఉంది. ఎవరి పిచ్చి వాళ్లది.

ఇక లెక్క. మీ టబ్బు ఇనపది, పైన ఎనామిల్ పూత. అద్దెకి దిగినప్పుడు నలుగురు మోసినా కదల్లేదని చంటి చెప్పాడు. వంద కిలోలు ఉంటుందనుకుందాం. చల్లగా ఉన్న ఆ ఇనుము వేడెక్కడానికి నీళ్లలోంచే వేడి తీసుకుంటుంది. కానీ ఇనుము విశిష్టోష్ణం నీటి దాంట్లో తొమ్మిదో వంతే. అంటే, ఒక కిలో నీళ్లని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి పట్టే వేడితో తొమ్మిది కిలోల ఇనుమును ఒక డిగ్రీ వేడి చెయ్యొచ్చు. కాబట్టి నీ వంద కిలోల టబ్బు పదకొండు లీటర్ల నీళ్లతో సమానం. నువ్వు పోసేది పన్నెండు బకెట్లు, నూట ఎనభై లీటర్లు. వాటి ముందు ఆ పదకొండు ఏపాటి? ఒక డిగ్రీ, ఒకటిన్నర తగ్గాలి. గాలికి ఇంకో రెండు పోనీ. ముప్పై ఎనిమిది దగ్గర ఆగాలి. ముప్పై అన్నావంటే నువ్వు ఇస్త్రీ చేసింది చొక్కా కాదు, తెరచాప అయ్యుంటుంది.

ఇలా చెయ్యి. ముందు టబ్బుని వేడినీళ్లతో బాగా కడిగి పారబొయ్యి, ఇనుము వేడెక్కి ఉంటుంది. తర్వాత నీళ్లు నింపి మీద చెక్కపలక, దాని మీద దుప్పటి కప్పు. నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టు. కాసేపాగి వేడి చూడు, గీత చూడు. టబ్బు వాటా, గాలి వాటా రెండూ తీసేశాక మిగిలేది ఏమీ ఉండదు. అప్పుడు నిద్రపోదువు గాని.

మీ వదిన


వంటగది కిటికీ పక్క నుంచి,
ఆదివారం

వదినకి,

చెప్పినట్టే చేశాను. నలభై రెండు పెట్టాను, ముప్పై మూడుకి వచ్చింది. మరుసటి రోజు మళ్లీ చేశాను. ముప్పై మూడే.

నీటి మట్టం గీత మీదే ఉంది. వెంట్రుక మందం కూడా పెరగలేదు, తగ్గలేదు.

మీరు అడగని సంగతులు రెండున్నాయి. ఒకటి, దుప్పటి తీసి చెక్కపలక తిరగేస్తే కింద పొడిగా ఉంది. అంత వేడినీళ్ల మీద మూత పెడితే చెమ్మ పట్టాలి కదా. నేను రోజూ ఆవిరిలో బతికేదాన్ని, నాకు తెలుసు. రెండు, నీళ్లన్నీ ఒక్కలా చల్లారడం లేదు. కుళాయి వైపు, అంటే కాళ్లు పెట్టే వైపు, ముందు చల్లబడుతోంది. వీపు ఆనించే వైపు కాసేపు వేడిగానే ఉండి, తర్వాత అక్కడా తగ్గుతోంది. మనిషి నెమ్మదిగా దిగి కూర్చున్నట్టు.

భయపడ్డాననుకోకండి. భయం వేస్తే మీకు ఇంత శుభ్రంగా రాసేదాన్ని కాదు. కానీ పోయిన వేడి ఎక్కడికి పోయిందో చెప్పండి.

మీ మరదలు


ఇంట్లో, కాలు ఎత్తిపెట్టిన మంచం మీద నుంచి,
మంగళవారం

అమ్మడూ,

వేడి ఎక్కడికీ మాయమైపోదు. ఒకటి పోగొట్టుకున్నదంతా ఇంకొకటి తీసుకుని తీరాలి. క్లాసులో మొదటి రోజు నేను చెప్పేది ఇదే. నువ్వు చెప్పిన కొలతలు నిజమైతే నీళ్లలోకి చల్లటిది ఏదో వచ్చి చేరుతోంది. మట్టం పెరగలేదంటే ఏదీ చేరలేదు. రెండూ ఒకేసారి నిజం కావు. కాబట్టి కొలతలో ఎక్కడో పొరపాటుంది. ధర్మామీటరు ఎలాంటిదో.

అయినా నా మనసు ఊరుకోవడం లేదు. వేడి కొలిచే క్యాలరీమీటరులో తెలియని వస్తువుని వేసినప్పుడు రెండు ప్రశ్నలుంటాయి. అది ఎంత ఉంది, ఎంత చల్లగా ఉంది. ఒక్క కొలతతో రెండూ తేలవు. అందుకని రెండు విడతలుగా పొయ్యి. మొదట ఆరు బకెట్లే పోసి, వేడి తగ్గడం ఆగిపోయేదాకా ఆగు. ఆ అంకె రాసుకో. తర్వాత ఇంకో ఆరు బకెట్లు బాగా వేడివి పోసి, మళ్లీ ఆగిన చోట రాసుకో. మామూలుగా అయితే మొదట ఆగిన అంకెకీ, కొత్తగా పోసిన నీళ్ల వేడికీ సరిగ్గా నడిమధ్య రావాలి. ఎంత తక్కువ వస్తే అక్కడ అంత ఉన్నట్టు.

ధర్మామీటరు మార్చు. చేతిని నీళ్లలో పెట్టకు, కొలత చెడుతుంది.

వదిన


వంటగది కిటికీ పక్క నుంచి,
శనివారం

వదినకి,

ధర్మామీటరు మార్చాను. మొదటి ఆరు బకెట్లు ముప్పై నాలుగు డిగ్రీలు. ఇరవై నాలుగు దగ్గర ఆగింది. తర్వాతి ఆరు నలభై ఎనిమిది. మీ లెక్కన ముప్పై ఆరు రావాలి. ముప్పై మూడు వచ్చింది.

కొలత అయిపోయాక చెయ్యి పెట్టాను. మీరు వద్దన్నది కొలత కోసమే కదా. నీళ్లలో ఏమీ తగల్లేదు. కానీ మణికట్టు చుట్టూ చల్లదనం మెల్లగా బిగుసుకుంది. నర్సు నాడి చూసేటప్పుడు పట్టుకుంటుందే, అలా. తియ్యబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాను. నిజం చెప్పాలంటే ఇది మొదటిసారి కాదు.

ఈ మధ్య ఆకలి ఎక్కువైంది. నా డబ్బా తిని, పక్కన బట్టలు మడత పెట్టే ఆవిడ డబ్బాలో సగం కూడా తింటున్నాను. ఆవిడ నన్ను ‘గాదె’ అని పిలుస్తోంది.

మీ మరదలు


ఇంట్లో నుంచి,
బుధవారం

అమ్మడూ,

రెండోసారి పోసిన తొంభై లీటర్లు పదిహేను డిగ్రీలు దిగాయి. ముందున్న తొంభై లీటర్లు తొమ్మిది డిగ్రీలే ఎక్కాయి. మధ్యలో మిగిలిన వేడిని తీసుకున్నది కూడా ఆ తొమ్మిది డిగ్రీలే ఎక్కి ఉండాలి. లెక్క కడితే అది అరవై లీటర్ల నీళ్లతో సమానం. రాయి అనుకుంటే మూడు వందల కిలోలు కావాలి. ఇనుమైతే అయిదు వందల నలభై. మీ బాత్‌రూము కింది వాళ్ల ఇంట్లో ఉండేది ఈపాటికి. అంత వేడి పట్టి కూడా తక్కువ బరువుండేది నీరు, లేదా ఎక్కువ భాగం నీరే ఉన్నది ఇంకేదైనా.

అది వచ్చేసరికి తొమ్మిది డిగ్రీలు ఉంది. అంతకుముందు దుప్పటి కప్పి చూసిన కొలతతో అయితే ఆరు.

ఇంతకంటే ఇప్పుడు ఏమీ చెప్పను. రోజూ కొలిచి రాయి. ఆ సాయంత్రం నువ్వు ఏం చేశావో కూడా రాయి, చిన్న విషయమైనా సరే. లెక్క నువ్వే కట్టుకోవచ్చు. పన్నెండు బకెట్లు పోసిన రోజు, చివరి అంకెని నాలుగుతో హెచ్చవేసి, అందులోంచి మొదటి అంకెకి మూడు రెట్లు తీసెయ్యి. వచ్చేదే దాని వేడి.

వదిన


వంటగది నుంచి, దుప్పటి కప్పుకుని,
ఆదివారం

వదినకి,

స్కూల్లో లెక్కలంటే పారిపోయిన నాకు ఇప్పుడు నాలుగో ఎక్కం, మూడో ఎక్కం ఇస్త్రీ పెట్టె చప్పుడుతో పాటు నోట్లో ఆడుతున్నాయి.

మంగళవారం పన్నెండు. గురువారానికి పద్దెనిమిది. గురువారం నీళ్లు పోసి, కొలిచి, మళ్లీ లాండ్రీకి పరిగెత్తాల్సి వచ్చింది, ఏదో హోటలు దుప్పట్లు అర్జెంటట. స్టూలు మీద కూర్చోలేదు. శుక్రవారం కూడా పద్దెనిమిదే, పెరగలేదు. శుక్రవారం చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. శనివారం ఇరవై రెండు.

మీరు పేరు పెట్టి చెప్పడం లేదు. నేను చెబుతాను. ఫ్యాక్టరీ వాళ్లు డాక్టరు పరీక్ష చేయించినప్పుడు ఆయన బరువు డెబ్బై రెండు. మనిషి ఒళ్లు విశిష్టోష్ణం నీటి దాంట్లో ఆరింట అయిదు వంతులట. మా వీధి చివర లైబ్రరీలో పుస్తకం చూశాను. డెబ్బై రెండుకి అరవై. మొదటి రోజు ఆరు డిగ్రీలు సరస్సు అడుగు నీళ్ల చలి. ఇది మీకు ముందే తెలుసు, కదా?

ఆయన వస్తున్నాడు వదినా. రోజూ ఇంకాస్త వెచ్చగా వస్తున్నాడు. ముప్పై ఏడు అయిన రోజు ఏమవుతుంది?

మీ మరదలు

ఇంకో మాట. నాకు చలిగా ఉంటోంది. ఆవిరి దగ్గర నిలబడినా చెమట పట్టడం లేదు. ఇంత తింటున్నా జాకెట్లు వదులయ్యాయి. వాతావరణం మారుతోంది కాబోలు.


ఇంట్లో నుంచి,
బుధవారం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. లెక్క సరిగ్గానే కట్టావు.

పార్సిలులో రెండు ఉన్ని స్వెటర్లు, కాళ్లకి మేజోళ్లు పంపుతున్నాను. లోపల ఒకటి, పైన ఒకటి వేసుకో. బాగా తిను. పాలు, గుడ్లు మానకు. ఆకలి వేసినప్పుడల్లా తిను, ఎవరేమన్నా పట్టించుకోకు. లాండ్రీలో ఓవర్‌టైము ఒప్పుకోకు. సాయంత్రం ఇంట్లోనే ఉండు.

ముప్పై ఏడుకి ఏమవుతుందో నాకు తెలియదు. ఉన్నట్టే కానివ్వు.

వదిన


మంచం మీద నుంచి,
సోమవారం

వదినకి,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. వేళ్లు సరిగ్గా వంగడం లేదు.

నిన్న నీళ్లు నలభై రెండు నుంచి ముప్పై తొమ్మిదికే తగ్గాయి. అంటే ఆయన ముప్పై, వదినా. ఇంకో వారం పట్టదు.

ఇస్త్రీ దగ్గర ఇవాళ కళ్లు తిరిగి పడ్డాను. మడత పెట్టే ఆవిడ పట్టుకోకపోతే మొహం వేడి పలక మీద పడేది. ఆసుపత్రికి తీసుకెళ్లింది. నర్సు ధర్మామీటరు రెండుసార్లు దులిపింది, ఇంకోటి తెచ్చింది. ముప్పై నాలుగు. “ఇదేంటమ్మా, బావిలో నుంచి తీసినట్టున్నావు,” అంది. రక్తం తక్కువేమో అని మందులు రాయించింది.

మీ స్వెటర్లు రెండూ వేసుకున్నాను. లోపల ఏమీ వెచ్చగా లేదు. అయినా ఇంత సంతోషంగా నేను ఈమధ్య ఎప్పుడూ లేను. ఇప్పుడు చెయ్యి పెడితే చల్లగా తగలడం లేదు. నీళ్లకీ ఆయనకీ నాకూ మధ్య తేడా తగ్గిపోతోంది.

మీ మరదలు


స్కూలు గేటు దగ్గర, బస్సు కోసం ఆగి,
గురువారం పొద్దున

అమ్మడూ,

ఇది బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. సాయంత్రంలోగా నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. చదివాకే కుళాయి తిప్పు.

ఆ నీళ్లు ఇచ్చిన వేడి దానికి మర్నాటి దాకా మిగలదు. ఎక్కడికి పోతుందో అక్కడ చల్లారిపోతుంది. అయినా రోజురోజుకీ వెచ్చగా వస్తోందంటే కొంత వేడి మిగులుతోంది. అది ఎవరిదని వెతికాను. నువ్వు స్టూలు మీద కూర్చోకుండా వెళ్లిపోయిన గురువారం తర్వాత అది ఒక్క డిగ్రీ పెరగలేదు. చెయ్యి పెట్టి కూర్చున్న రోజుకి మర్నాడు పెరిగింది. దాని దగ్గర మిగులుతున్నది నీళ్ల వేడి కాదు, నీ వేడి. బతికున్న ఒళ్లు పొయ్యి లాంటిది, తిన్నదంతా మండించి వెచ్చగా ఉంటుంది. నీ పొయ్యి ఇద్దరికి మండుతోంది. అందుకే ఆ ఆకలి, అందుకే ఆ చిక్కిపోవడం. అది ముప్పై ఏడుకి చేరేసరికి నువ్వు ఎంతకి దిగుతావో లెక్క కట్టాను. ఆ అంకె రాయను.

ఇది నాకు స్వెటర్లు పంపిన రోజే తెలుసు. తెలిసే పంపాను. తెలిసే బాగా తినమన్నాను, ఇంట్లోనే ఉండమన్నాను. పొయ్యిలో కట్టెలు ఎగదోశాను అమ్మడూ. ఎందుకంటే అమ్మ పోయాక వాడిని ఎత్తుకు పెంచింది నేను. ఇంకొన్ని రోజులు, ఇంకొన్ని డిగ్రీలు అనుకుంటూ కూర్చున్నాను. నిన్న నీ ఉత్తరంలో ఆ నర్సు మాట చదివాక అన్నం ముందు కూర్చోలేకపోయాను.

అది చంటి అని నాకు నమ్మకం. కానీ డెబ్బై రెండు కిలోలు అని మాత్రమే లెక్క చెబుతుంది. బరువు మనిషి పేరు చెప్పదు.

ఇవాళ చన్నీళ్లు పట్టు. గీజరు వెయ్యకు. చెయ్యి పెట్టకు, ఒళ్లో పెట్టుకో. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతుంది. చన్నీళ్లలో దిగితే ఈసారి అదే ఇవ్వాలి. నీ దగ్గర తీసుకునేవాళ్లు లేకపోతే నీ వేడి నీకు నిలుస్తుంది. ఈ మాట వాడి అక్కగా రాస్తున్నాను. రాయడానికి ఎంతసేపు పట్టిందో అడగకు.

వదిన


వంటగది నుంచి,
ఆదివారం

వదినకి,

డ్రైవరు వచ్చేసరికి నేను నీళ్లు పట్టేశాను. వేడివే. ఉత్తరం బాత్‌రూము గుమ్మంలో నిలబడి చదివాను. చదివి మడిచి, వెళ్లి స్టూలు మీద కూర్చుని చెయ్యి పెట్టాను. మీరు దాచింది కొన్నాళ్లే. నా వేడి పోతోందని నాకు మీకంటే ముందే తెలుసు. మణికట్టు దగ్గర తెలిసిపోతుంది. పోనీలే అనుకున్నాను.

చెయ్యి ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆయన నన్ను ముట్టుకునేవాడు కాదు. ఏదైనా అందిస్తే బల్ల మీద పెట్టమనేవాడు. “ఆగు, నా చేతులు ఐసు గడ్డల్లా ఉన్నాయి, నీకెందుకు చలి,” అనేవాడు. నీళ్లలో నానాక, ఒళ్లు తుడుచుకున్నాక, తన బుగ్గ మీద పెట్టి చూసుకుని, అప్పుడు నా చెయ్యి పట్టుకునేవాడు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

మరి నా మణికట్టు పట్టుకుని ఇన్నాళ్లూ వదలనిది ఎవరు?

చెయ్యి లాగేశాను. తేలిగ్గా రాలేదు వదినా. తడి బట్టలో ఇరుక్కున్న చేతిలా వచ్చింది. నీళ్లు వదిలేశాను. గోడ పట్టుకుని మళ్లీ చన్నీళ్లు నింపాను. పదహారు డిగ్రీలు. స్టూలు దూరంగా, గుమ్మం అవతల వేసుకున్నాను.

పదహారు నుంచి ఇరవైకి పెరిగింది. అంటే ముప్పై రెండుతో వచ్చింది. టబ్బు కాళ్లు పెట్టే వైపు మొదలై, నెమ్మదిగా వీపు ఆనించే వైపుకి. చన్నీళ్లని తెలిసీ దిగి కూర్చుంది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయనైతే నా కోసం దిగుతాడు. కాకపోయినా, అంత చలిలో కూర్చున్నందుకు ఏడ్చాను.

“మీరే అయితే నా మీద కోపం వద్దు. మీరు కాకపోతే ఇక రావద్దు,” అన్నాను.

మరుసటి సాయంత్రం పదహారు నుంచి పద్దెనిమిదికి. నిన్న పదహారు పదహారుగానే ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. అంటే పోయినట్టా?

మీ స్వెటర్లు ఉతికి మడత పెట్టాను. మీరు వచ్చినప్పుడు తీసుకెళ్లండి. మీ మీద కోపం ఉంది. కొన్నాళ్లు ఉండనివ్వండి. మీరు ఉత్తరం రాయకపోతే నేను ఈపాటికి ఉండేదాన్ని కాదని కూడా తెలుసు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మీ మరదలు


ఇంట్లో నుంచి,
గురువారం

అమ్మడూ,

కోపం ఉంచుకో. నాకు అది కావాలి.

నీ ప్రశ్నకి జవాబు. రెండింటి వేడి సమానమైతే వాటి మధ్య ఏమీ కదలదు. టబ్బులో ఎవరూ లేకపోయినా పదహారే ఉంటుంది. సరిగ్గా పదహారు డిగ్రీలున్నది వచ్చి కూర్చున్నా పదహారే ఉంటుంది. ధర్మామీటరుకి ఆ రెండిటికీ తేడా తెలియదు.

ఇంకో సాయంత్రం పెడితే తెలిసిపోతుంది. ఇంకా వస్తుంటే అది సరస్సు చలికి దగ్గర పడుతుంది కాబట్టి నీళ్లు పదహారు కంటే తగ్గుతాయి. పెట్టాలో వద్దో నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు.

వదిన


వంటగది నుంచి,
ఆదివారం, చాలా రోజుల తర్వాత

వదినకి,

పెట్టలేదు. ఆ పదహారు దగ్గరే ఆపేశాను. ఆ సాయంత్రం నీళ్లు వదిలి, టబ్బు తుడిచి, బాత్‌రూము తలుపు దగ్గరగా వేసి, అప్పటి నుంచి వంటగదిలోనే బకెట్టు నీళ్లతో స్నానం చేస్తూ వచ్చాను.

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఊరికే ఉన్నాను. ఆకలి మామూలుకి వచ్చింది. మడత పెట్టే ఆవిడ ‘గాదె’ అనడం మానేసింది. నర్సు ధర్మామీటరు దులపకుండానే ముప్పై ఆరున్నర అంది. మొన్న ఆవిరి దగ్గర చెమట పట్టి కళ్లలోకి కారితే, తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను. సూపర్‌వైజరు ఏదో అన్నాడు కూడా.

ఇవాళ టబ్బులో నీళ్లు పెట్టుకున్నాను. నా కోసం. ముందు టబ్బుని వేడినీళ్లతో కడిగాను, మీరు చెప్పినట్టే. పన్నెండు బకెట్లు, నలభై రెండు. దిగి కూర్చున్నాను. ఇన్నేళ్లలో నేను ఆ టబ్బులో దిగడం ఇదే మొదలు. వీపు ఆనించే చోట ఎనామిల్ అరిగి కొంచెం గరుగ్గా ఉంది. కాళ్లు చాపితే కుళాయి దాకా రాలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నాను. ఏమీ పట్టుకోలేదు.

లేచాక ధర్మామీటరు పెట్టాను. చూడకూడదనుకున్నాను, చూశాను. నలభై ఒకటి.

వంటగదిలో తల తుడుచుకుంటూ లెక్క కట్టాను. నా బరువు యాభై నాలుగు. ఆరింట అయిదు వంతులు, నలభై అయిదు లీటర్లు. నా వేడి ముప్పై ఆరున్నర. మళ్లీ ఒకసారి కట్టాను, ఎక్కడైనా కొంచెం మిగులుతుందేమోనని. మిగల్లేదు వదినా. నా ఒక్కదానికే సరిపోయింది.

మీ మరదలు